ఇంట్లో తమిళం, బళ్ళో తెలుగు: కథ ఏ భాషలో రాయాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు చిత్తూరులో పుట్టి పెరిగారు. ఇంట్లో తమిళం, బళ్ళో తెలుగు, ఇప్పుడు తిరుపతిలో ఎం.ఏ. ఇంగ్లీషు. మూడేళ్ళుగా తెలుగులో కథలు రాస్తున్నారు. ఈమధ్య మీ పాట్టి, అంటే అవ్వ, గురించి రాయడానికి కూర్చుంటే తమిళం మాటలే ముందుకు వస్తున్నాయి. ఇంకోపక్క ఇంగ్లీషులోనూ రాయాలని ఉంది. "ఏదో ఒక భాష పట్టుకో, రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునుగుతావు" అని మీకు తెలిసిన మేష్టారొకరు అన్నారు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది, ఒక్క పేజీ కూడా సాగడం లేదు అన్నారు. రెండు భాషల్లో సాహిత్యం రాసి నిలబడ్డవాళ్ళు ఉన్నారా, ఉంటే ఎలా రాశారు అన్నది మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్ళు తిరుపతిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. తెలుగులో కథలు రాశాను. తమిళం నుంచి తెలుగులోకి అనువాదాలు చేశాను. నా కథలు కొన్నిటిని ఇంగ్లీషులో నేనే తిరగరాశాను. అందుకే ఇంత పొడుగ్గా జవాబు రాయాలనిపించింది.

ముందు మన ఊళ్ళోనే చూద్దాం. తిరుమలలో మహాద్వారం దాటగానే మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడి ఉంటారు. క్యూలో తోపులాటలో చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆగి చూడండి. ఆయన సంస్కృతంలో 'జాంబవతీ కల్యాణం' నాటకం రాశాడు. 'ఆముక్తమాల్యద' మొదట్లో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, రాయలు సంస్కృతంలో రాసిన కావ్యాల పేర్లు వరసగా చెప్పి, ఇన్ని రాసినవాడివి నీకు తెలుగు అసాధ్యమా, మాకు ప్రియంగా అందులోనూ ఒకటి చెయ్యి అంటాడు. తెలుగు లెస్స అన్న పద్యం అందరికీ నోటికి వచ్చు గానీ, అది రెండు భాషల కవి తన రెండో భాషలోకి అడుగుపెడుతూ చెప్పిన మాట అని ఎవరూ గుర్తు చేయరు. ఇక ఆ కావ్యంలో కథ ఎవరిది? శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిది. తమిళంలో తిరుప్పావై పాడిన ఆండాళ్‌ది. ధనుర్మాసంలో కొండమీద సుప్రభాతం బదులు వినిపించేది ఆ తిరుప్పావే. కన్నడదేశపు రాజు, సంస్కృతంలో చేయి తిరిగిన కవి, తమిళ కథ, తెలుగు కావ్యం. మీ మేష్టారి లెక్కన ఆయన నాలుగు పడవల మీద ఉన్నాడు.

అన్నమయ్య కూడా అంతే. 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. రాగిరేకుల మీద మనకు దక్కినవాటిలో ఎక్కువ తెలుగు, మిగతావి సంస్కృతం. 'భావయామి గోపాలబాలం' సంస్కృతం, 'చందమామ రావో' తెలుగు. రెంటిలోనూ ఉన్నది బాలకృష్ణుడే. సంస్కృతంలో ఆ పిల్లవాడిని దూరం నుంచి కన్నార్పకుండా చూస్తాడు. తెలుగులోకి వచ్చేసరికి వెన్నపాలు తెమ్మని చందమామను పిలుస్తాడు, పిల్లవాడు చంకెక్కేస్తాడు. భాష మారేసరికి పాడేవాడు నిలబడే చోటు మారింది. నేను ఇంత చెప్పేది ఈ ఒక్క సంగతి కోసమే, దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఇంకో విషయం. అన్నమయ్య సంకీర్తన ఎలా ఉండాలో చెబుతూ సంస్కృతంలో లక్షణ గ్రంథం రాశాడు. అది పోయింది. మనవడు చిన తిరుమలాచార్యుడు దాన్నే తెలుగు చేసిన 'సంకీర్తన లక్షణం' మిగిలింది. తాత ఆలోచన ఈరోజు మనకు అందుతున్నది రెండో భాష పుణ్యాన.

ఈ కాలం మనిషి కావాలంటే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి గురించి తెలుసుకోండి. 1893లో అనంతపురం జిల్లాలో పుట్టి, మైసూరు మహారాజా కాలేజీలో చాలా కాలం తెలుగు చెప్పి, తర్వాత తిరుపతి వచ్చి అన్నమయ్య కీర్తనలను పరిష్కరించి, స్వరపరిచారు. తెలుగులో వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చారు. ప్రాకృతం నుంచి గాథాసప్తశతి సారాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. 'గానకలె', 'సాహిత్య మత్తు జీవనకలె' మాత్రం కన్నడంలో రాశారు. సంగీతం గురించి చుట్టూ ఉన్న మైసూరు వాళ్ళతో మాట్లాడాలి, వాళ్ళ భాషలో మాట్లాడారు. అంత సహజంగా. ఆయన వచనం చదివితే ఏ భాషా ఇంకో భాషను చెడగొట్టినట్టు కనిపించదు.

మీ ఊరి కట్టమంచి రామలింగారెడ్డిగారు తెలుగులో 'ముసలమ్మ మరణం', 'కవిత్వతత్త్వ విచారం' రాసి, చదువుల గురించీ రాజకీయాల గురించీ ఇంగ్లీషులో రాశారు, మాట్లాడారు. కవిత్వానికి ఒకటి, సభకు ఒకటి. ఇంట్లో తెలుగు మాట్లాడి తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ తన పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే రాశారు. అదీ ఒక దారే.

ఇంట్లో ఒక భాష, రాతలో ఒక భాష ఉండటం మీ ఒక్కరికే వచ్చిన ఇబ్బంది అనుకోకండి. మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంట్లో తమిళం, బేంద్రే ఇంట్లో మరాఠీ. ఇద్దరూ కన్నడంలో రాసి జ్ఞానపీఠం అందుకున్నారు. మీకు అచ్చంగా అద్దంలాంటివారు కి. రాజనారాయణన్. తమిళనాడులో ఇడైసెవల్ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి, వలస వెళ్ళిన మన తెలుగువాళ్ళ కథను తమిళంలో నవలలుగా రాశారు. 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆయన తమిళంలో తెలుగు ఇల్లు వినిపిస్తుంది. మీ తెలుగులో తమిళ ఇల్లు వినిపిస్తే అది మీ సొత్తు. తుడిచేయకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎలా రాశారు? ఇక్కడ టాగోర్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆయన కథలో మన ప్రాంతం కూడా ఉంది. 1919 ఫిబ్రవరిలో మదనపల్లెకు, అప్పటి మన చిత్తూరు జిల్లాకు, వచ్చి దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నారు. 1911లో కలకత్తాలో మొదటిసారి పాడిన 'జనగణమన'కు ఇక్కడే తన చేత్తో ఇంగ్లీషు రూపం రాశారు. మనం ఈరోజు పాడే బాణీని మార్గరెట్ కజిన్స్ స్వరాల్లో రాసి పెట్టిందీ అక్కడే. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. బెంగాలీలో ప్రాంతాల పేర్లు, నదుల పేర్లే పాట అయిపోతాయి. ఇంగ్లీషులో అవి వాక్యంలో ఒదిగిన పేర్లు. పాట దిగిపోయి ప్రార్థన మిగిలింది.

గీతాంజలి కూడా అలాగే. 1912లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో 103 ఖండికలు ఉన్నాయి. వాటిలో బెంగాలీ గీతాంజలి నుంచి తీసుకున్నవి సగం మాత్రమే, మిగతావి ఆయన వేరే పుస్తకాల్లోవి. ప్రాసలు, ఛందస్సు వదిలేసి వచనంలో రాశారు. అంటే అది అనువాదం అన్న పేరుతో వచ్చిన కొత్త పుస్తకం. దానికే 1913లో నోబెల్ వచ్చింది. కానీ తర్వాత ఇంగ్లీషు రచయిత ఎడ్వర్డ్ థాంప్సన్‌కు రాసిన ఉత్తరంలో, కష్టమైన చోట్లను భయంతో తప్పించుకుపోయాననీ, అందుకే తన అనువాదాలు నున్నగా, పలచగా అయిపోయాయనీ ఒప్పుకున్నారు. నేను ప్రతి ఏడూ క్లాసులో ఈ మాట చెప్పేవాణ్ణి. తన రచనను తానే ఇంకో భాషలోకి తెచ్చుకునేవాడికి ఎవరూ అడ్డు చెప్పరు, అందుకే కష్టమైన చోటు కనబడగానే పక్కకు జరిగిపోతాడు. మీరూ జరుగుతారు. నేనూ జరిగాను.

నా సంగతి చెబుతాను. దామలచెరువు పక్క మామిడితోపుల్లో నా చిన్నతనం గడిచింది. ఒక కథలో ఇద్దరు పిల్లలు, వేరువేరు కులాల వాళ్ళు, ఒకే మామిడికాయను పంచుకుంటారు. కత్తి లేదు. ఆ పిల్ల కాయ మీద పావడా అంచు కప్పి కొరికి, సగం వాడికి ఇస్తుంది. కాకెంగిలి. తెలుగులో ఆ ఒక్క మాట చాలు. ఎంగిలి కాకూడదన్న పెద్దవాళ్ళ కట్టడి, దాన్ని దాటడానికి పిల్లలు కనిపెట్టిన ఉపాయం, రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. కథ మొత్తం దాని మీదే నిలబడింది.

దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. ఆ మాటకు నేనొక పదం తయారుచేశాను, దానికి వివరణ ఇచ్చాను, ఎంగిలి అంటే ఏమిటో ఇంకో వివరణ, అంటు గురించి మూడోది. పత్రిక నుంచి తిరిగొచ్చింది. ఒక పేజీలో మూడుచోట్ల పాఠం చెబుతున్నారు, పిల్లలు కనబడటం లేదు అని రాశారు. నెల రోజులు బాధపడ్డాను. తర్వాత నా తెలుగు ప్రతిని బీరువాలో పెట్టేసి, చూడకుండా మొదటినుంచి రాశాను. ఈసారి ఆ మాటే లేదు. ఆ పిల్ల కొరికేముందు పావడా అంచును రెండుసార్లు సరిచేసుకుంటుంది. కొరికాక గుడ్డ మీద తడి మరక చూసుకుంటుంది. వాడు కాయ అందుకునేముందు తోపు గేటు వైపు చూస్తాడు. ఏదో తప్పు జరుగుతోందని చదివేవాడికి తెలిసిపోతుంది. ఆ ప్రతి అచ్చయింది. తమాషా ఏమిటంటే, ఆ తడి మరక తెలుగు కథలో లేదు. పుస్తకం రెండో ముద్రణలో తెలుగులోకీ తెచ్చుకున్నాను.

తమిళంలో అదే కథ చేసినప్పుడు ఇంకో వింత. ఎంగిలికి 'ఎచ్చిల్' ఉంది, మన మాటకు అక్కచెల్లెలే. పిల్లలాటకు 'కాక్కా కడి' అని మాట కూడా ఉంది. కానీ తమిళంలో ఉన్నది కాకి కొరుకుడు, తెలుగులో ఉన్నది కాకి ఎంగిలి. ఎంగిలి అన్న మాట పోయేసరికి పిల్లల ఆట మిగిలింది, కులం బరువు తగ్గింది. కాబట్టి తమిళంలో ఆ పిల్ల అవ్వ చేత 'ఎచ్చిల్' అన్న మాటను ఇంకో చోట అనిపించాల్సి వచ్చింది. దగ్గరి భాషలోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని అప్పుడు తెలిసింది. దూరపు భాష మొదటి వాక్యంలోనే ఆపేస్తుంది, దగ్గరి భాష అన్నీ సరిపోయినట్టు కనిపించి మోసం చేస్తుంది.

జ్ఞాపకాల విషయంలో రష్యన్ రచయిత నబొకొవ్ అనుభవం మీకు బాగా పనికొస్తుంది. రష్యాలో గడిచిన తన బాల్యాన్ని ముందు ఇంగ్లీషులో రాశాడు, 1951లో పుస్తకం వచ్చింది. తర్వాత దాన్నే రష్యన్‌లో రాయడానికి కూర్చుంటే, ఇంగ్లీషులో రాసినప్పుడు మసకగా ఉన్నవి తేటపడ్డాయి, మరిచిపోయినవి తిరిగొచ్చాయి. 1954లో రష్యన్ పుస్తకం. ఆ కొత్త వివరాలతో ఇంగ్లీషు పుస్తకాన్ని మళ్ళీ రాస్తే 1967లో 'స్పీక్, మెమరీ' వచ్చింది. జరిగినదాన్ని ఏ భాషలో విన్నామో ఆ భాషలో తలుచుకుంటే ఎక్కువ గుర్తొస్తుంది. మీ పాట్టి గురించి రాయబోతే తమిళం ముందుకు రావడంలో వింత లేదు. రానివ్వండి.

బెకెట్‌ది దీనికి పూర్తిగా ఎదురు. ఐర్లండ్ వాడు, ఇంగ్లీషులో ఆరితేరినవాడు. ఫ్రెంచిలో అయితే శైలి లేకుండా రాయడం సులువు అన్నాడు. 'వెయిటింగ్ ఫర్ గోడో' ముందు ఫ్రెంచిలో రాసి, తర్వాత తానే ఇంగ్లీషు చేశాడు. ఇంగ్లీషులో చేతికి అలవాటైన సొగసులు ఆయనకు అడ్డం. మీకు తెలుగులో ఆ ఇబ్బంది ఉందేమో చూసుకోండి. మీరు పంపిన మొదటి పేజీలో "మౌనం ఆవరించింది", "కన్నీటి పొరలు" లాంటివి నాలుగైదు కనిపించాయి. అవి మీ మాటలు కావు, మనం చదివిన కథల నుంచి అంటుకున్నవి. అదే పేజీని ఇంగ్లీషులో రాస్తే అవి వాటంతట అవే రాలిపోతాయి. తిరిగి తెలుగులోకి వచ్చి, అవి లేకుండా రాయండి.

ఇంగ్లీషులో రాస్తేనే పదిమంది చదువుతారన్న మాట కూడా రాశారు. ఆ మాటను ఊరికే నమ్మకండి. కెన్యా రచయిత గూగీ వా థియాంగో నాలుగు నవలలు ఇంగ్లీషులో రాశాడు. 1977లో తన గికూయు భాషలో, ఊరి రైతులూ కూలీలూ ఆడేలా, ఇంకొకరితో కలిసి నాటకం రాశాడు. ప్రభుత్వం దాన్ని ఆపేసింది, ఆ ఏడాది చివర్లో ఆయన్ను జైల్లో పెట్టింది. జైల్లో మరుగుదొడ్డి కాగితం మీద గికూయులోనే నవల రాసి, తర్వాత తానే ఇంగ్లీషు చేశాడు. చదివేవాళ్ళు ఎంతమంది అన్నదానికంటే ఎవరు అన్నది ముఖ్యమని ఆ ప్రభుత్వానికి బాగా తెలుసు.

గిరీశ్ కర్నాడ్ సంగతి విన్నాక మీ టెన్షన్ కొంత తగ్గవచ్చు. ఇంట్లో కొంకణి. ఇంగ్లీషు కవి కావాలని కలలు కన్నాడు, ఆక్స్‌ఫర్డ్‌కు బయలుదేరుతున్నాడు. ఆ సర్దుకునే రోజుల్లో, ఇంట్లో వాళ్ళతో నలిగిపోతూ ఒక నాటకం రాశాడు. చూసుకుంటే అది కన్నడంలో ఉంది. అదే 'యయాతి'. భాషను ఆయన ఎంచుకోలేదు, రాయాల్సిన విషయం ఎంచుకుంది. తర్వాత తన నాటకాలను తానే ఇంగ్లీషు చేసుకున్నాడు. కమలా దాస్ కవితలు ఇంగ్లీషులో, మాధవికుట్టి పేరుతో కథలు మలయాళంలో. మన తెలుగు కవి ఆలూరి బైరాగి హిందీలోనూ కవిత్వం రాశాడు. ఎవరి పంపకం వాళ్ళది.

ఇక పని సంగతులు. ఇంట్లో తమిళం మాట్లాడతాం గానీ చదవడం రాదు అన్నారు. చిత్తూరులో చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి. తమిళంలో రాసే ముందు లిపి నేర్చుకోక తప్పదు. తెలుగు వచ్చినవారికి కష్టం కాదు. 12 అచ్చులు, 18 హల్లులు, క-గ రెంటికీ ఒకే అక్షరం. నాకు మూడు నెలలు పట్టింది. కానీ అసలు కష్టం లిపి దగ్గర లేదు. తమిళంలో మాట్లాడే భాష వేరు, రాసే భాష వేరు. మన తెలుగులో ఉన్నదానికంటే ఆ దూరం చాలా ఎక్కువ. పైగా మీ ఇంటి తమిళంలో తెలుగు కలిసిపోయి ఉంటుంది. కనీసం రెండేళ్ళు ఇప్పటి తమిళ కథలు చదవకుండా అందులో కథ రాయకండి. ఇంగ్లీషుకూ అంతే. పరీక్షల కోసం చదివిన ఇంగ్లీషు వ్యాసానికి సరిపోతుంది, కథకు సరిపోదు.

రెండు నోటుబుక్కులు పెట్టుకోండి. ఒక భాషలో ముగించాక కనీసం నెల ఆగి, మొదటి ప్రతి ఎదురుగా లేకుండా రెండో భాషలో రాయండి. తర్వాత రెండూ పక్కన పెట్టి, ఎక్కడ తప్పించుకున్నారో ఎర్ర పెన్నుతో గీత గీయండి. ఆ చోట్లకు మళ్ళీ వెళ్ళాలి. ఎవరైనా ప్రచురణకర్త కాగితం మీద సంతకం అడిగితే, అనువాద హక్కు మాట ఉందేమో చూడండి. మన కాపీరైట్ చట్టం కింద అది వేరే హక్కు, రాసి ఇచ్చేదాకా మీదే. తొందరలో ఇచ్చేస్తే రేపు మీ కథను మీరే ఇంగ్లీషు చేసుకోవడానికి ఇంకొకరిని అడగాల్సి వస్తుంది. నాకు తెలిసినవాళ్ళకు ఇలా జరిగింది.

చివరగా మీ పాట్టి కథ. ఆసుపత్రిలో ఆమె "వీట్టుక్కు పోలామా" అని అడిగితే, "ఏమంటోంది?" అని నర్సు మిమ్మల్ని అడిగినప్పుడు, "నీళ్ళు అడుగుతోంది" అని మీరు తెలుగులో చెప్పారని రాశారు. అది చదివి చాలాసేపు కదల్లేకపోయాను. ఈ కథను ముందు తెలుగులోనే రాయండి. పాట్టి మాటను తెలుగు లిపిలో తమిళంగానే ఉంచండి. పక్కన అర్థం ఇవ్వకండి. అప్పుడు తమిళం రాని తెలుగు పాఠకుడు నర్సు పక్కన నిలబడతాడు, మీ మాట నమ్మి నీళ్ళ గ్లాసు కోసం చూస్తాడు. ఇంటికి పోదామా అని ఆమె అడిగిందని అతనికి కథలో ఎంత ఆలస్యంగా తెలిస్తే అంత మంచిది. ఎప్పుడో తమిళంలో రాసినప్పుడు పాఠకుడు మొదటి క్షణం నుంచే పాట్టి మంచం పక్కన ఉంటాడు, మీరు అబద్ధం చెబుతుంటే మీ మొహం చూస్తూ ఉంటాడు. అది వేరే కథ అవుతుంది, దాని మొదలూ చివరా వేరుగా ఉంటాయి. తెలుగు ప్రతి పూర్తయ్యాక పంపండి, చదువుతాను.